పొట్టిమాటల పట్టిక

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకల్లా ఆమె కంప్యూటరు ఆసుపత్రి నెట్‌వర్కులోకి వెళ్ళగలగాలి. వెళ్ళగలిగితే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే ఊడినట్టు. ఆఫీసు వాళ్ళు పంపిన ఉత్తరంలో ఇంత ముక్కుసూటిగా లేదనుకోండి. “భద్రతా కారణాల దృష్ట్యా” అని మొదలుపెట్టి, “మీ సహకారానికి ధన్యవాదాలు” అని ముగించి, మధ్యలో ఎక్కడో మెత్తగా చెప్పారు: కాలం చెల్లిన విండోస్ ఉన్న కంప్యూటర్లను ఒకటో తేదీ నుంచి లోపలికి రానివ్వరు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకోవాలి. ఆ ఒకటో తేదీ ఈ సోమవారమే. ఆమెదేమో పన్నెండేళ్ళ నాటి కంప్యూటరు. కొత్త విండోస్ అందులో పట్టదు.

ఆమె పని వినడం, టైపు చేయడం. డాక్టర్లు రోగిని చూశాక ఫోనులో గబగబా ఏదో గొణిగి పారేస్తారు. ఆ గొణుగుడు ఆమె చెవిలో పడి, వేళ్ళ మీదుగా శుభ్రమైన రిపోర్టై బయటికొస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. పదకొండో ఏట చూపు పోయింది కాబట్టి తెర మీద ఏముందో చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి కావాలి. దాన్ని ఆమె “గొంతు” అంటుంది. ఆఫీసులో ఆమెను పాముచెవులావిడ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆమె కూడా ఆ పేరు విని లోలోపల మురిసిపోతుంది.

అయితే చెవులు ఎంత చురుకైనవైనా చెవులతో టైపు చేయలేం కదా. ఆమె వేగం అసలు గుట్టు ఒక పట్టికలో ఉంది. గుండె డాక్టరు రోజుకు ఇరవైసార్లు “మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తోందని రోగి చెబుతున్నారు” అంటాడు. ఆమె మూడక్షరాలు కొడితే ఆ వాక్యం మొత్తం వచ్చి పడుతుంది. ఇలాంటి పొట్టిమాటలు పదకొండు వేల పైచిలుకు. ఏ డాక్టరు ఎక్కడ దగ్గుతాడో, ఏ డాక్టరు ఏ మాటను మింగేస్తాడో, అన్నిటికీ తన సొంత పొట్టిమాటలు. ఆ పట్టిక ఉంటే ఆరుగురు టైపిస్టుల్లో ఆమెదే మొదటి స్థానం. అది లేకపోతే ఆమెది ఆరో స్థానం, అందులో అనుమానం లేదు. ఆరో స్థానంలో ఉన్నవాళ్ళను ఆ ఆఫీసు మూడు నెలల కంటే ఎక్కువ భరించదు.

ఆ పట్టిక ఉన్నది డి డ్రైవులో. పంతొమ్మిదేళ్ళ కిందట మొదటి కంప్యూటరు బిగించిన షాపతను ఆమెకు ఒక్క మాట చెప్పి వెళ్ళాడు: “సి డ్రైవుకి ఏమొచ్చినా డి డ్రైవుకి రాదమ్మా. ముఖ్యమైనవన్నీ డి లో పెట్టుకోండి.” ఇది ఆమె ఒక్కరికే కాదు, ఆ రోజుల్లో కంప్యూటరు కొన్న ప్రతివాళ్ళకీ చెప్పిన మాటే. అందరూ నమ్మారు. సి అంటే వీధి, డి అంటే ఇనప్పెట్టె అని అందరి మనసుల్లోనూ పడిపోయింది. ఆ తర్వాత కంప్యూటర్లు మారాయి, షాపతను దుకాణం ఎత్తేశాడు, ఆ మాట మాత్రం ఆమెలో అలాగే ఉండిపోయింది.

దారి చూపించింది మాస్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆయనకూ చూపు లేదు. విండోస్‌కు బదులుగా వాడుకునే లినక్స్‌ను చూపు లేనివాళ్ళకు ఫోను మీద నేర్పడం ఆయన వ్యసనం. ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, పాత కంప్యూటర్లలోనూ చక్కగా నడుస్తుంది, గొంతు అందులోనే కలిసి వస్తుంది. ఆయన ఇవన్నీ చెబుతుంటే పెళ్ళి సంబంధం చెబుతున్నట్టే ఉంటుంది. ఆఫీసు టెక్నీషియన్‌ను అడిగితే, “లినక్స్ అయినా సరే, కొత్తదైతే చాలు,” అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. “కళ్ళున్నవాళ్ళని ఎవరినైనా పక్కన పెట్టుకుని చేయించుకోండి మేడమ్,” అని కూడా అన్నాడు. ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక ఎవరు చెప్పినా వినే మనిషి కాదు.

శనివారం మాస్టారు పెన్‌డ్రైవులో లినక్స్ ఎక్కించే పద్ధతి చెప్పి, చివర్లో అడిగాడు: “ముఖ్యమైనవన్నీ నకలు తీసి వేరే చోట దాచావా అమ్మా?”

“ఆ పని ఎప్పుడో అయింది మాస్టారూ,” అంది ఆమె. అబద్ధం కాదు. ఆమె లెక్కలో డి డ్రైవంటే వేరే చోటే.

ఆదివారం పొద్దున పదింటికి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. మధ్య అంతస్తులో ఇరుక్కుపోయి కేకలు పెట్టే మనుషులను రోజూ బయటికి లాగే మనిషికి ఆదివారం నాడు ఇంట్లో చేయడానికి పనేమీ ఉండదు.

“నేను పక్కన కూర్చుని చదివి చెప్తాను. ఊరికే కూర్చుంటాను, మధ్యలో ఏం మాట్లాడను,” అన్నాడు.

“మీరు చదవరండీ. మీకు ముఖ్యం అనిపించింది చదువుతారు.”

అది నిజమే. తెర మీద పది వాక్యాలుంటే ఆయన “ఏదో గొడవుందిలే, కుడివైపు బటన్ నొక్కేయ్” అంటాడు. ఆ కుడివైపు బటన్ల దెబ్బకు ఒకసారి ప్రింటరు నెల్లాళ్ళు పనిచేయలేదు. “సరే, హాల్లో ఉంటాను,” అని వెళ్ళాడు. తలుపు పూర్తిగా మూయలేదు.

కంప్యూటరు నిద్ర లేచే మొదటి నిమిషంలో గొంతు ఉండదు. అక్కడ చూపు లేనివాళ్ళకు దిక్కు లెక్కే. ఎఫ్ పన్నెండు మీట టకటకా కొట్టాలి, కింది బాణం ఒకసారి, ఎంటర్. మాస్టారు చెప్పినట్టే చేసింది. కాసేపటికి విండోస్ పాట వినిపించింది. తప్పు. మళ్ళీ ఆర్పి, మళ్ళీ వెలిగించి, ఈసారి కింది బాణం రెండుసార్లు కొట్టింది. పాట రాలేదు. ఏమీ రాలేదు. పెన్‌డ్రైవు మీద వేలు పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. చదువుతోందన్నమాట. ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టి, గొంతును పిలిచే మూడు మీటలూ ఒకేసారి నొక్కింది.

నిశ్శబ్దం. మళ్ళీ నొక్కింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద ఏదో ఉండే ఉంటుంది. కళ్ళున్న మనిషి ఒక్క చూపు చూస్తే తెలిసిపోతుంది. ఆ కళ్ళున్న మనిషి అడుగుల చప్పుడు హాల్లోంచి ఇటే వస్తోంది కూడా.

“ఆగిపోయిందా? స్విచ్చి కట్టేయనా?” అన్నాడు. ఇరుక్కున్న దేనికైనా ముందు కరెంటు తీసేయడం ఆయన వృత్తిధర్మం.

“ముట్టుకున్నారంటే ఊరుకోను!”

ఆయన చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి ఆగినట్టు ఆ చేతి గడియారం చప్పుడే చెప్పింది. సరిగ్గా అప్పుడే స్పీకర్లోంచి గొంతు పలికింది. “స్వాగతం. భాష ఎంచుకోండి.” కొత్త గొంతు, కాస్త ముక్కుతో మాట్లాడుతోంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన హాల్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత అంతా సాఫీగా నడిచింది. భాష, కీబోర్డు, సమయం. గొంతు అడుగుతోంది, ఆమె చెబుతోంది. అలా అలా అసలు ప్రశ్న దగ్గరికి వచ్చింది.

“డిస్కు మొత్తం చెరిపి లినక్స్ పెట్టు. డిస్కు ఒకటి. ఐదు వందల జీబీ.”

ఆమె వేలు ఎంటర్ మీద ఆగింది. ఒకటేనా? సి, డి రెండుండాలి కదా. మళ్ళీ పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి విన్నది. ఒకటే. పోనీ మాస్టారికి ఫోను చేసి అడుగుదామా అనుకుంది. అడిగితే ఆ సగం తెరిచిన తలుపు అవతల ఉన్న మనిషికి వినిపిస్తుంది. గంటసేపు ఇంటిని మూగనోము పట్టించి, ఆయనను గదిలోంచి తరిమి, చివరికి మొదటి గడ్డు ప్రశ్నకే ఎవరినో సలహా అడిగిందని తెలిసిపోతుంది. ఆ ఊహనే ఆమె భరించలేకపోయింది. తనకు తానే నచ్చజెప్పుకుంది: ఒకటే చూపిస్తోందంటే సి మాత్రమే చూపిస్తోంది. డి ని అసలు ముట్టుకోదు కాబట్టే చూపించడం లేదు. ఇంకా మంచిదే.

ఎంటర్ కొట్టింది.

పన్నెండు కావస్తుండగా పని పూర్తయింది. కంప్యూటరు ఆగి, మళ్ళీ లేచి, ఎవరి సాయం లేకుండా తనంతట తానే పలికింది. ఆ క్షణంలో ఆమె ఆనందం చూడాల్సిందే. నలభై ఆరేళ్ళ మనిషి కుర్చీలో కూర్చునే చిన్నపిల్లలా కాళ్ళు ఆడించింది.

“ఏవండీ! రండి, వినండి!”

ఆయన వచ్చి విన్నాడు. “గొంతేంటి, జలుబు చేసినట్టుంది,” అన్నాడు. ఆ తర్వాత, “ఒక్కదానివే చేశావ్,” అన్నాడు. ఆ రెండో మాట ఆమెకు చాలా బాగుంది.

“ఇప్పుడు నా పట్టిక తెచ్చుకుని పెట్టుకుంటే అయిపోతుంది,” అని ఫైళ్ళ కిటికీ తెరిచింది. గొంతు ఒక్కొక్కటీ చదివింది. పత్రాలు. చిత్రాలు. సంగీతం. కంప్యూటరు. అంతే. డి లేదు. ఇంకో పేరుతో ఉంటుందేమోనని వెతికింది. “ఇతర చోట్లు” అని ఒకటుంటే అందులోకి వెళ్ళింది. అక్కడా లేదు. పక్కన నిలబడ్డ మనిషి ఊపిరి ఆమెకు వినిపిస్తోంది.

ఫోను స్పీకరులో పెట్టి మాస్టారిని పిలిచింది. చాటుగా మాట్లాడాలన్న ధ్యాస కూడా లేదు.

“మాస్టారూ, డి డ్రైవు కనిపించడం లేదు. లినక్స్‌లో దాన్నేమంటారు?”

“ఆ పెట్టెలో డిస్కులెన్ని?” అని అడిగాడు మాస్టారు.

“రెండు. సి, డి.”

“అవి డిస్కులు కావమ్మా. ఒకటే డిస్కు. ఒక గదికి మధ్యలో అడ్డగోడ కట్టి ఇటు సి, అటు డి అని పేర్లు పెట్టారంతే. నువ్వు గదంతా చెరిపేయమన్నావు. నకలు తీసే పని అయిందన్నావు కదా?”

పంతొమ్మిదేళ్ళు ఇనప్పెట్టె అనుకున్నది అడ్డగోడ. పదకొండు వేల పొట్టిమాటలు. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ పాడుచేయలేదు. తన వేలితో తనే నొక్కింది, అదీ రెండుసార్లు విని మరీ.

“కంప్యూటరు ఇప్పుడు నడుస్తోందా?” మాస్టారు గొంతు మారిపోయింది. “నడుస్తుంటే కరెంటు తీసెయ్! మామూలుగా ఆపడం కూడా వద్దు, తీగ లాగెయ్! అది ఊరికే కూర్చోదు, నిమిష నిమిషానికీ పాత రాతల మీద కొత్త రాతలు రాసుకుంటూ పోతుంది!”

ఆమె బల్ల కిందికి దూరి, తల టక్కున తగిలినా లెక్కచేయక, చేతికందిన తీగల్లో లావుపాటిది పట్టుకుని లాగేసింది. ఫ్యాను ఆగిపోయింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపొస్తోంది, కానీ ఆ మనిషి ఎదురుగా ఏడవడం ఇష్టం లేదు.

ఆయన “నేను చెప్పానా” అనలేదు. అనడానికి నూటికి నూరుపాళ్ళూ హక్కున్న రోజది. పక్కనే నేల మీద కూర్చుని, “ఏం చేయమంటావ్?” అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపేసరికి ఆయన ఫోను కేసి తిరిగి అదే ప్రశ్న మాస్టారిని అడిగాడు.

మాస్టారు చెప్పింది ఇదీ. చెరిపేయడమంటే పేర్ల పలక తుడిచేయడమే. రాతలు చాలావరకు అక్కడే ఉండి ఉంటాయి, వాటి మీద కొత్తవి పడకపోతే. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు మీద నుంచే కంప్యూటరును నడపాలి. పోయిన ఫైళ్ళను ఏరి తెచ్చే ప్రోగ్రాము ఒకటి ఉంది, అదీ ఉచితమే. ఏరినవి పెట్టుకోవడానికి ఇంకో పెన్‌డ్రైవు కావాలి. దొరుకుతాయని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు.

పెన్‌డ్రైవు ఆమె భర్త పని సంచిలో ఉంది. “లిఫ్టు బొమ్మలున్నాయి ఇందులో. చెరిపేయ్, మళ్ళీ తెచ్చుకుంటాను,” అన్నాడు.

“చెరపొద్దు! ఏదీ చెరపొద్దు!” అని అరిచింది ఆమె. ఆ రోజుకు ఆ మాటంటేనే హడలు. అదృష్టం బాగుండి అందులో ఖాళీ సరిపడా ఉంది.

ఒంటిగంటకు వెతుకులాట మొదలైంది. అక్షరాల ఫైళ్ళను మాత్రమే ఏరమన్నారు. గొంతు అంకెలు చదువుతోంది. మూడు శాతం. మూడు శాతం. నాలుగు శాతం. ఆమె మోకాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. ఆయన పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చాడు, ఆమె ముట్టుకోలేదు. కప్పులో టీ తెచ్చాడు, అది చల్లారిపోయింది.

“పోనీ అంతా మళ్ళీ రాసుకోవచ్చుగా? నీ బుర్రలోదేగా,” అన్నాడు ఇరవై శాతం దగ్గర.

“బుర్రలో లేదండీ, వేళ్ళల్లో ఉంది. డాక్టరు మాట చెవిలో పడితే వేలు దానంతటదే కదులుతుంది. ఏది ఏమిటో చెప్పమంటే పది కూడా చెప్పలేను. రేపు వేళ్ళు కదులుతాయి, వాక్యాలు మాత్రం రావు. ఒక్కో రిపోర్టుకీ గంట పడుతుంది.” అని ఆగి, “నన్ను తీసేస్తారు,” అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

నలభై శాతం దగ్గర గొంతు పదకొండు నిమిషాలు పలకలేదు. ఆమె లెక్కపెట్టింది. అరవై దగ్గర దొరికిన ఫైళ్ళు పది వేలు దాటాయి. నాలుగున్నరకు నూరు శాతం అంది. మొత్తం పద్దెనిమిది వేల ఫైళ్ళు.

“పేర్లేంటి?” అని అడిగాడు ఆయన.

“పేర్లు లేవు. అన్నిటికీ నంబర్లే,” అంది ఆమె. పంతొమ్మిదేళ్ళ రిపోర్టులన్నీ అందులో ఉన్నాయి, ఇంకా ఎన్నో చెత్తాచెదారం కూడా. ఆ గుట్టలో పట్టిక ఉందో లేదో, ఉంటే ఏ నంబరో తెలియదు. ఒక్కొక్కటీ వినుకుంటూ పోతే వారం పడుతుంది. ఉన్నది రాత్రి ఒక్కటే.

మళ్ళీ మాస్టారు. “ఒక వాక్యం ఇస్తే అది ఏ ఫైల్లో ఉందో క్షణంలో వెతికిపెడుతుంది. ఏ వాక్యం ఇద్దాం?”

ఆయాసం వాక్యం ఇచ్చి చూసింది. ఆరు వేల ఫైళ్ళలో ఉందంది. గుండె డాక్టరుకు నోరు నొప్పిపుట్టదు కదా. రెండు మూడు పొట్టిమాటలు గుర్తు తెచ్చుకుని ఇచ్చింది. అవి రెండేసి అక్షరాలవి, ప్రతి మాటలోనూ ఎక్కడో ఒకచోట తగులుతున్నాయి.

“అలా కాదమ్మా. రిపోర్టుల్లో ఎన్నడూ రాయనిది, పట్టికలో మాత్రమే ఉన్నది కావాలి. అలాంటి వాక్యం ఒక్కటి చెప్పు చాలు.”

అలాంటి వాక్యం ఒకటుంది. మాస్టారు అడిగిన మరుక్షణమే ఆమెకు గుర్తొచ్చింది.

“ఆలోచించి చేస్తాను మాస్టారూ,” అని ఫోను పెట్టేసింది.

భర్త ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. పాల పాకెట్టు తెమ్మని పంపేయొచ్చు. ఐదు నిమిషాలు చాలు. లేదా హెడ్‌ఫోను తగిలించుకుంటే ఏం టైపు చేసిందో ఆయనకు వినిపించదు. తెర చూసినా ఆయన ముఖ్యం అనిపించిందే చదువుతాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇలాగే నెట్టుకొచ్చింది. “పాలు” అనడానికి నోరు తెరిచింది కూడా. అన్నం పళ్ళెం ఇంకా బల్ల మీదే ఉంది. పొద్దుటి నుంచి ఆయన ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. నేల మీద తన పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు ఈ మనిషిని మళ్ళీ గదిలోంచి పంపేయడం ఆమె వల్ల కాలేదు.

“మీరు వింటే బాధపడతారు,” అంది. హెడ్‌ఫోను పక్కకు నెట్టి టైపు చేసింది. ఆమె కొట్టిన ప్రతి మాటనూ స్పీకర్లోంచి గొంతు పైకే చదివింది, ముక్కుతో, తాపీగా.

“మా వారు ఊళ్ళో లేరు. ఇంట్లో చదివి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. దయచేసి బొమ్మగా కాకుండా అక్షరాలుగా పంపండి.”

ఆఫీసు వాళ్ళు కాగితాలను ఫొటో తీసి పంపుతారు. ఫొటోలో అక్షరాలను గొంతు చదవలేదు. అక్షరాలుగా పంపమంటే, మీ ఆయన చేత చదివించుకోండి అంటారు. మొదటి ఏడాది రెండుమూడుసార్లు అలా అనిపించుకున్నాక ఆమె ఈ వాక్యం తయారుచేసుకుంది. మెయిళ్ళలో ఎక్కువసార్లు రాయాల్సి వచ్చేసరికి దానికీ ఒక పొట్టిమాట పెట్టుకుంది.

ఎంటర్ కొట్టింది. “ఒక ఫైలు,” అంది గొంతు.

తెరిచింది. పదకొండు వేల రెండు వందల నలభై వరసలు. చివరి వరసకు వెళ్ళింది. మొన్న శుక్రవారం చేర్చిన ఎముకల డాక్టరు వాక్యం అక్కడే ఉంది. మొత్తం ఉంది. ఒక్క ముక్క పోలేదు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

“అందుకా,” అన్నాడు ఆయన వెనక నుంచి. “మీ ఆఫీసు క్లర్కు ఎక్కడ కనిపించినా ‘ఎప్పుడొచ్చారండీ ఊర్నించి’ అంటాడు. నేను లిఫ్టుల పని మీద తిరుగుతుంటానని అలా అంటాడనుకున్నాను.”

“ఏవండీ…”

“పక్కగదిలో కూర్చుని ఉంటాను కదే. పిలిస్తే రానా?”

“మీరు వస్తారనే,” అంది ఆమె. “ఒకసారి వస్తే ఇక ప్రతిసారీ మీ చేతే చదివించుకోమంటారు. అప్పుడది నా ఉద్యోగం కాదు, మన ఇద్దరిదీ అవుతుంది. మీరు పనికెళ్ళిన రోజు నాకు పనుండదు.”

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్న చప్పుడైంది.

“ఎక్కడికి?”

“ఊళ్ళో లేను కదా. ఎక్కడికో అక్కడికి వెళ్ళాలిగా,” అన్నాడు. తలుపు మూసుకుంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. పని ఆపితే కుదరదు. పట్టికకు ముందు నకలు తీసింది, ఆ నకలుకు ఇంకో నకలు తీసింది. తర్వాత కొత్త లినక్స్ తెరిచి, పట్టిక అందులో పెట్టింది. మూడక్షరాలు కొట్టింది. మెట్లెక్కే రోగి ఆయాసపడుతూ తెర మీదికి వచ్చాడు. ఆసుపత్రి నెట్‌వర్కు తలుపు తట్టింది. పాస్‌వర్డు అడిగింది, ఇచ్చింది, లోపలికి రానిచ్చింది. పొద్దుటి నుంచి ఇందుకోసమే కదా ఇంత యాతన, అయినా కాళ్ళు ఆడించాలనిపించలేదు.

మెయిల్లో రేపటి పని పంపకం వచ్చి ఉంది. “బొమ్మ,” అంది గొంతు. “బొమ్మ. వివరాలు లేవు.” ఎప్పటిలాగే కాగితం ఫొటో. ఏ డాక్టరు ఎవరి వంతో అందులో ఉంటుంది, అది తెలియకుండా పొద్దున మొదలుపెట్టలేదు.

జవాబు తెరిచింది. వేళ్ళు అలవాటు కొద్దీ పొట్టిమాట కొట్టాయి. మా వారు ఊళ్ళో లేరు, అని మొదలుపెట్టింది గొంతు. ఆమె ఆపేసి, చెరిపేసింది. పట్టికలోకి వెళ్ళి ఆ వరస తీసింది. పొట్టిమాట అలాగే ఉంచి, దాని ఎదుట ఉన్న వాక్యం మొత్తం తీసేసి కొత్తది రాయడం మొదలుపెట్టింది. ఒక వాక్యం రాయడానికి ఆమెకు ఎప్పుడూ అంతసేపు పట్టలేదు.

తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు. జవాబులోకి వచ్చి, పొట్టిమాట కొట్టి, గొంతును మొదటి నుంచి చదవమంది.

“మా వారు ఇంట్లోనే ఉన్నారు. అయినా అక్షరాలుగానే పంపండి. చదువుకోవాల్సింది నేను.”

పంపేసింది.

“వాళ్ళు ఊరుకోరు. మీ ఆయన ఉన్నాడుగా, చదివించుకోండి అంటారు,” అన్నాడు ఆయన గుమ్మంలోంచి.

“అననివ్వండి.”

“అంటే ఏం చేస్తావ్?”

“పోట్లాడతాను.”

“నేను ఇంట్లో ఉండగానా?”

“మీరు ఇంట్లో ఉండగానే,” అంది ఆమె.